పెట్టె ఒక్కటే ఉన్న రోజుల్లో

జరగండర్రా, పొగ ఇటు కొడుతోంది. ఆ ఎండుకొమ్మ కాస్త లోపలికి తొయ్యి. ఏరా చిన్నోడా, కొత్త టర్న్‌టేబుల్లో పాట పీలగా వస్తోందని స్పీకర్లు మార్చేస్తానంటున్నావట? డబ్బు తర్వాత తగలేద్దువుగాని, ఇలా కూర్చో.

మా ఇంట్లో కీ ఇచ్చే గ్రామఫోను ఉండేది. కరెంటుతో పనిలేదు. కీ తిప్పితే లోపల స్ప్రింగు బిగిసేది, అది విడుతూ ప్లేటును నిమిషానికి 78 చుట్లు తిప్పేది. లక్క ప్లేట్లు, చెయ్యి జారితే పెంకులే. ఒక వైపు మూడు నిమిషాల పాట, అంతే. ఉక్కు పిన్నులు చిన్న రేకు డబ్బీలో వచ్చేవి, వైపుకొకటి మార్చాలి. మా నాయనమ్మ మహా పొదుపరి, వాడేసిన పిన్నునే మళ్ళీ వెయ్యమనేది. అలా అరగదీసిన ప్లేట్లు ఇంకా అటక మీదున్నాయి, పెడితే పాటకన్నా గరగరే ఎక్కువ. సౌండు బాక్సు వంద గ్రాములకు పైనే బరువు మోపేదిరా ప్లేటు మీద! పిన్ను కదిలితే పల్చటి రేకు వణికేది, ఆ వణుకే హారన్లోంచి పాటై వచ్చేది. చెడితే చూడాల్సినవి పిన్ను, ప్లేటు, స్ప్రింగు.

తర్వాత ఎల్.పీ.లు. అమెరికాలో 1948లోనే వచ్చాయిగానీ మన ఊరు చేరేసరికి చాలా ఏళ్ళయింది. అప్పుడు మేం కొన్న ప్లేయర్లో ఆంప్లిఫయరూ స్పీకరూ కలిసే ఉండేవి. మూత తీసి ప్లేటు పెడితే ఘంటసాల పాడేవాడు.

నీది అలా కాదు. తిప్పేది ఒకటి, పెంచేది ఒకటి, వినిపించేది ఇంకొకటి. అందుకే ముందు వాటిని కలిపే చోట్లు వెతకాలి.

పాట పీలగా, బేస్ లేకుండా, ఎక్కడో దూరంగా వినిపిస్తోందన్నావా? ఫోనో ప్రీఆంప్ లేనట్టే. ఎల్.పీ. కోసేటప్పుడు కావాలనే బేస్ తగ్గించి, సన్న స్వరాలు పెంచుతారు. బేస్ ఉన్నదున్నట్టు కోస్తే గాడి అటూఇటూ ఊగి పక్క గాడిలో పడుతుంది. దాన్ని తిరిగి సరిచెయ్యడం ప్రీఆంప్ పని, 1954 నుంచి దానికో లెక్క కూడా ఉంది. పైగా సూది బిగించి ఉండే నీ కార్ట్రిడ్జి ఇచ్చేది అయిదు మిల్లీవోల్టుల చిల్లర. మామూలు ఆక్స్ సాకెట్టుకి వందల మిల్లీవోల్టులు కావాలి. టర్న్‌టేబుల్ వెనక ఫోనో, లైన్ అని చిన్న మీట ఉందేమో చూడు. ఉంటే లైన్‌కి తోసి ఆక్స్‌లో పెట్టు. ఆంప్లిఫయరుకి ఫోనో సాకెట్టుంటే మీట ఫోనోకి తోసి అందులో పెట్టు. రెండు ప్రీఆంప్‌లు ఒకదాని మీద ఒకటి పడ్డాయా, పాట బండగా పగిలిపోతుంది. పదింట తొమ్మిది గొడవలు ఇక్కడే తేలతాయని నా గట్టి నమ్మకం.

ఇక సూదిని మోసే చెయ్యి బరువు. మా ఊరి మైకు సెట్టు కుర్రాళ్ళు సూది ఎగరకుండా చెయ్యి మీద పావలా పెట్టేవాళ్ళు. నువ్వు ఆ పని చెయ్యకు! వెనక బరువు తిప్పి, చెయ్యి గాల్లో సమంగా తేలాక అంకెల చక్రం సున్నాకి పెట్టు. అక్కణ్ణుంచి కార్ట్రిడ్జి కాగితంలో రాసినంత బరువియ్యి, సాధారణంగా రెండు గ్రాముల అటూ ఇటూ. మరీ తేలికైతే సూది గాడిలో ఎగురుతూ ప్లేటునే తింటుంది. అందుకని తక్కువ మంచిదనుకోకు.

గుంయ్‌మంటే గ్రౌండు వైరు బిగించావో లేదో చూడు. స్పీకర్లు అదే బల్ల మీద పెట్టావటగా, వాటి అదురు సూదికెక్కి మళ్ళీ స్పీకర్లోకే వస్తుంది. దించెయ్యి. సూదికి దూది పేరుకుంటే మెత్తటి బ్రష్షుతో వెనకనుంచి ముందుకే తుడువు.

అన్నట్టు అటక మీది 78 ప్లేట్లు నీ సూదితో పెట్టకు. వాటి గాడి వెడల్పు, వాటికి లావు సూది వేరే దొరుకుతుంది.

రేపు పొద్దున్నే ముందు ఆ మీట చూసి నాకు ఫోన్ చెయ్యి. స్పీకర్ల బేరం ఆ తర్వాత.