రవ్వ రాని ఇంజను

1987 ఆషాఢం. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. దివిసీమలో కాలువ చిట్టచివరనున్న మా పెదనాన్నగారి నారుమడికి మురుగుకాలువ నీరు తోడిపోయడమొక్కటే దిక్కు. తోడవలసిన ఇంజనేమో, పెట్రోలుతో మొదలై కిరోసిన్‌తో నడిచే చిన్నది, ఎంత తాడు లాగినా ఉలకదు, పలకదు. మూడో రోజుకు మడి నెర్రెలు విచ్చింది. పొరుగూరి నుండి మేస్త్రీని పిలిపించారు. ఆయన ఇంజనును తడుముతూ పోయిన వరుస నాకప్పుడు అర్థం కాలేదు. చాలా ఏళ్ల తరువాత ఇంజన్ల చరిత్ర చదువుతుంటే తెలిసింది, ఆయన ఆ పూట చరిత్రలో వెనక్కి నడిచారని.

మొదట ప్లగ్గు విప్పి, తీగ టోపీకి తగిలించి, ఇంజను తలకు ఆనించి తాడు లాగించారు (పెట్రోలు డబ్బా దూరంగా పెట్టించాకే సుమండీ). నీలి రవ్వ కనబడాలి. కనబడలేదు. కొత్త ప్లగ్గుతోనూ అంతే. ఆ ప్లగ్గును, దానికి వేల వోల్టులు అందించే మాగ్నెటోను జతకూర్చినవాడు గోట్లోబ్ హోనోల్డ్, 1902లో, స్టుట్‌గార్ట్‌లోని రాబర్ట్ బోష్ కార్ఖానాలో. అంతకు ముందు డైమ్లర్ ఇంజన్లలో ఒక గొట్టాన్ని బయటి మంటతో ఎర్రగా కాల్చి ఉంచేవారు. గాలికి మంట ఆరితే బండి ఆగినట్లే! బెంజ్ మాత్రం బ్యాటరీనీ, తీగచుట్టనూ నమ్ముకున్నాడు. అయినా రవ్వ పుట్టించడమే సమస్యలన్నిటికీ పెద్ద సమస్య అని వాపోయాడట.

తరువాత తీగలు. ఇంజనును ఆపే మీట తీగ ఎక్కడైనా లోహానికి తగిలితే రవ్వ పుట్టదు కనుక మేస్త్రీ దాన్ని ముందు ఊడదీశారు. ఫలితం లేదు. ఈ తీగల బాధ పాతదే. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు నూరు కిలోమీటర్లకు పైగా ఆ బండి నడిపింది. దారిలో రవ్వ తీగ ఒరిసిపోతే తన మేజోడు పట్టీ చుట్టి విద్యుత్తు బయటికి పోకుండా ఆపిందని చెబుతారు. మన మేస్త్రీలకు ఆమెను ఆదిగురువు అనవచ్చునని నా అభిప్రాయం.

ఇక ఫ్లైవీలు వెనుక. అక్కడున్నవన్నీ ఇంకా ముసలివి. అయస్కాంతం కదిలితే తీగలో విద్యుత్తు పుడుతుందని ఫారడే చూపినది 1831లో. ఫ్లైవీలులోని అయస్కాంతం చుట్టను దాటేటప్పుడు లోపలి తీగలో విద్యుత్తు పారుతుంది. సరిగ్గా అప్పుడే పాయింట్లనే రెండు లోహపు బుడిపెలు విడివడి ఆ ప్రవాహాన్ని తెంచాలి. ఆ తెగిపోవడం వల్లనే పైచుట్టలో వేల వోల్టులు పుడతాయి. తెగేచోట మంట లేవకుండా పక్కన కండెన్సర్ ఉంచడం 1853లో ఫిజో చెప్పిన ఉపాయం. అదీ మా పొలంలో, తుప్పుపట్టిన రేకు కింద!

మేస్త్రీ కిటికీలోంచి చూశారు.

"గుంటలు పడలేదండీ, కండెన్సర్ బాగానే ఉన్నట్టుంది. పాయింట్లకు పాచి పట్టింది," అన్నారు.

వేసవంతా పాకలో పడి ఉన్న ఇంజను కదా. కంటికి ఆనని పొర చాలు, బుడిపెలు కలిసినా విద్యుత్తు దాటదు. సన్న ఉప్పుకాగితంతో రుద్ది, నూనె మరక లేని పోస్టుకార్డు ముక్కతో తుడిచి, ఎడాన్ని సరిచూశారు. అర మిల్లీమీటరు కూడా ఉండదది.

తాడు లాగితే చిటుక్కుమంది. నీలి రవ్వ.

క్రమంగా చిన్న ఇంజన్లలో పాయింట్ల స్థానంలోకి ఎలక్ట్రానిక్ భాగాలు వచ్చాయి. వాటికి ఉప్పుకాగితం పని లేదు, పాడైతే మార్చడమే. ఆ రాత్రి మడికి నీరందింది. మెరకగా ఉన్న తూర్పు మూల మాత్రం అప్పటికే మాడిపోయింది. అక్కడ పెదనాన్నగారు మళ్లీ విత్తనం చల్లారు.