గోపాలపురము ఒడ్డున సూర్యోదయ చిత్రములు

గోపాలపురము సముద్రతీరమున సూర్యోదయమును చూడని బరంపురము తెలుగు కుటుంబము బహుశః ఉండదు. పట్టణమునకు సుమారు 16 కిలోమీటర్ల దూరమున ఉన్న ఆ ఒడ్డుకు తెల్లవారకమునుపే చేరి, ఇసుకలో కూర్చుండి, తూర్పు ఎఱ్ఱబారుటను చూచి మరలుట మా పెద్దలనాటి నుండియు వచ్చుచున్న వేడుక. దానికి గుర్తుగా మా ఇండ్లలో ఒకటో రెండో ఛాయాచిత్రములు తప్పక కనిపించును. నీటిమీద వెలుగుబాట, దానికి అడ్డముగా ఒక తెప్ప, తెప్ప ప్రక్కన ఇద్దరు ముగ్గురు మనుష్యులు. వెలుగు ఎంత చక్కగా పడినను ఆ మనుష్యుల ముఖములు మాత్రము నల్లని నీడలే. ఆ నీడలు ఎవరివి అని మేము చాలకాలము అడుగలేదు. ఇప్పుడైనను అడుగవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఉదయకాంతిని చిత్రమున పట్టుట మొదట సులభమైన పని కాదు. 1839లో డాగేర్ పద్ధతి పారిస్ నగరమున ప్రకటింపబడినది. కొలది కాలములోనే ఆ విద్య మన దేశమునకు వచ్చినది. 1850లలో మద్రాసున ఛాయాచిత్రకారుల సంఘము ఏర్పడినది. గంజాము జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే. ఆనాటి తడి పలకల విధానములో గాజుపలకకు మందు పూసి, అది ఆరకముందే చిత్రము తీసి, అక్కడనే గుడారములో కడుగవలసి యుండెను. ఇసుక ఎగురు సముద్రపు గాలిలో అది ఎంత శ్రమయో ఊహింపవచ్చును. పైగా ఆ పలకలకు నీలికాంతియే తెలియును గాని ఎఱుపు దాదాపు తెలియదు. ఉదయపు ఎఱ్ఱని వెలుగు వాటిపై పనిచేయదు. పగటివేళ సముద్రమునకు తగినంత కాంతి ఇచ్చినచో ఆకాశము వట్టి తెలుపై పోవును. అందుచేతనే ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే 1850ల చివరిలో ఆకాశమును ఒక పలకపైనను, సముద్రమును వేరొక పలకపైనను తీసి, రెంటిని ఒకే కాగితముపై అచ్చొత్తెను. 1871లో మాడాక్స్ పొడి పలకల విధానమును వెల్లడించెను. 1873లో ఫోగెల్ రంగుమందులు కలిపి పలకలకు ఇతర వర్ణములను గ్రహించు శక్తి కలిగించెను. 1906లో ఎఱుపును కూడ గ్రహించు పలకలు అంగళ్ళకు వచ్చినవి. నేడు మనము చేతి ఫోనుతో క్షణములో తీయు చిత్రము వెనుక ఇంతటి శ్రమ కలదు.

ఎన్ని మార్పులు వచ్చినను ఒక చిక్కు మాత్రము మిగిలినది. సూర్యునికి ఎదురుగా నిలిచి చిత్రము తీయునప్పుడు, ఆకాశపు కాంతికి తగినట్లు అమర్చినచో మనకును సూర్యునికిని నడుమనున్న మనిషి నల్లబడిపోవును. ఇది వెలుగు స్వభావమే గాని ఎవరి దోషమును కాదు. అయితే వెలుగు దాచిన దానిని కలము చెప్పియుండవచ్చును. చిత్రము వెనుక ఒక పేరు వ్రాయుటకు ఎఱ్ఱని కాంతి అడ్డు రాదు గదా!

ఆ నీడలు పరాయివారివి కావు. ఒడియా సోదరులు నోలియాలని పిలుచు ఆ మత్స్యకారులలో పెక్కుమంది వాడబలిజలు, జాలారులు. ఇంటిలో మాటలాడునది తెలుగే. గోపాలపురము రేవు వెలుగులో ఉన్న కాలమున ఇక్కడినుండి రంగూనుకు ఓడలు నడిచెడివి. ఓడలు ఒడ్డుకు దూరముగా లంగరు వేసెడివి. మేకులు లేక కొబ్బరిత్రాళ్ళతో పలకలను కుట్టిన పడవలలో, పొంగు కెరటములను దాటించి, సరకులను జనులను ఓడ చేర్చినవారు ఈ మత్స్యకారులే. కూలికై బర్మా వెళ్ళిన మన వారు ఎందరో వీరి భుజబలమును నమ్మియే సముద్రము మీదికి పోయిరి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రము ఏర్పడినప్పుడు గోపాలపురము అందులో చేరినది. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించుటతో ఆ రాకపోకలు తెగిపోయినవి. హద్దులు మారినవి, ఓడలు ఆగినవి. తెప్పలవారు మాత్రము ఆ ఒడ్డుననే నిలిచిరి.

మా ఇంట అట్టి చిత్రమొకటి ఉన్నది. దాని వెనుక "గోపాలపురము, ఉదయము" అని తప్ప మరేమియు లేదు, సంవత్సరమైనను లేదు. ఒక శీతకాలపు ఉదయమున దానిని తీసికొని ఒడ్డునకు పోయి, వల బాగుచేసికొనుచున్న ఒక వృద్ధునకు చూపితిమి. ఆయన చిత్రమును వెలుగునకు ఎత్తిపట్టి, తెప్పలో ఎన్ని దుంగలున్నవో, త్రాడు ఎట్లు చుట్టినారో చూచి చెప్పెను. మనుష్యుల దగ్గరకు వచ్చుసరికి ఆగిపోయెను. "ఎనకాల పేరు రాయనేదేటి బాబూ?" అని అడిగెను. మేము ఏమియు చెప్పలేకపోతిమి.

ఆ దుంగల తెప్పలు నేడు చాలవరకు కనుమరుగై, వాటి చోట మోటారు బిగించిన ఫైబరు పడవలు వచ్చినవి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గరనే తీరము దాటి, పడవలను వలలను నాశనము చేసినది. తెప్ప కట్టు తీరు తెలిసిన పెద్దలు తగ్గుచున్నారు. తెలుగు నోట నిలిచినను తెలుగు లిపి చేతికందని పిల్లలు ఆ పేటలలో ఎందరో కలరు. ఇట్టి వేళ మన ఇండ్లలోని పాత చిత్రములు అలంకారములు మాత్రమే కావు, వారి చరిత్రకు ఆధారములు. నీడ సయితము తెప్ప ఆకారమును చూపగలదు గాని, మనిషి పేరును చూపలేదు.

కావున గోపాలపురమున గాని, పూరీయందు గాని, చెన్నై తీరమున గాని సూర్యోదయమును చిత్రించు మన కుటుంబములవారికి మా విన్నపము ఒక్కటే. సూర్యుని చిత్రము తీసికొనుడు. పిమ్మట ఎండ కాస్త పైకెక్కిన తరువాత, సూర్యుని వీపున ఉంచుకొని, అనుమతి అడిగి, ఆ మనుష్యుల చిత్రమును మరొకటి తీయుడు. దాని వెనుక ఊరు, తేది, వారి పేర్లు తెలుగులో వ్రాయుడు. ప్రతి ఒకటి అచ్చొత్తించి వారి ఇంటికిని పంపుడు. పాత చిత్రములున్నచో, చెప్పగల పెద్దలు ఉండగానే తీసికొనిపోయి చూపుడు. మేము ఆలస్యము చేసితిమి. మీరు చేయకుందురు గాక!