కట్టడి సడలింపు: పడకల లెక్క, టీకాల లెక్క

హైదరాబాదు నగరమున నల్లకుంటయందలి జ్వరచికిత్సాలయమును పెద్దలు నేటికిని "కోరంటి దవాఖానా" యందురు. కోరంటపూవులకును దీనికిని సంబంధమేమియు లేదు. పూర్వము ఇటలీ దేశమున వెనీసు రేవునందు వ్యాధిశంక గల నావలను నలువది దినములు ఒడ్డునకు రానీయకుండు ఆచారముండెను. నలువదికి వారి భాషలో గల పేరే ఆంగ్లమున క్వారంటీనై, మన ప్రజల నోట కోరంటియైనది. 1915లో ఎర్రన్నగుట్టపై నెలకొల్పబడిన యా వైద్యశాల 1923లో నల్లకుంటకు వచ్చినది. రోగిని ఎడముగ నుంచుట యెట్లో మన నగరము శతాబ్దమునకు ముందే నేర్చినదన్నమాట. ఆ ఎడము నెప్పుడు మాన్పవలెనను ప్రశ్న మాత్రము కఠినమైనది. వెనీసువారికి ఆ చిక్కు లేదు. దినములు లెక్కించిన చాలును. కోవిడ్ మహమ్మారి కాలమున మన ప్రభుత్వములకు దినముల లెక్క చాలక, వేరు లెక్కలు కావలసివచ్చెను. వానిని గూర్చియే నేడు శ్రోతలకు మనవి చేయదలచితిని.

2020 మార్చి 2న తెలంగాణమున మొదటి రోగి బయల్పడెను. గాంధీ ఆస్పత్రి కోవిడ్ రోగులకే ప్రత్యేకింపబడెను. మార్చి 22న జనతా కర్ఫ్యూ, దానివెంటనే రాష్ట్రమున నిర్బంధము, 25 నుండి దేశమంతటను నిర్బంధము. అప్పటికి టీకా లేదు, పడకలును చాలవు. వైద్యశాలలు సిద్ధపడుటకు గడువు సంపాదించుటయే ఆ నిర్బంధమునకు ప్రయోజనము. ఆ గడువులోనే గచ్చిబౌలి క్రీడాగ్రామమందలి మేడ "టిమ్స్" అను ఆస్పత్రిగ మారినది. దాని మూల్యమును చెల్లించినవారు వేరు. మా బోరబండ మీదుగ పోవు ఇనుపదారిలో లింగంపల్లి స్టేషను కలదు. 2020 మే 1న వలసకూలీలను స్వస్థలములకు గొనిపోయిన మొట్టమొదటి శ్రామిక రైలు అచ్చటనుండియే జార్ఖండమందలి హటియాకు బయలుదేరెను. పని లేక, కూలి లేక, నెలదినములకు పైగా నిలిచిపోయిన జనులందుండిరి.

తరువాత వ్యాధి తగ్గెను. 2021 జనవరి 16న టీకాలు మొదలయ్యెను. ముందుగ వైద్యసిబ్బందికి, పిమ్మట వృద్ధులకు. ఫిబ్రవరి 1న పెద్దతరగతులవారికి బడులు తెరచిరి. రోగుల సంఖ్య తగ్గినది గాని, టీకా పొందినవారి సంఖ్య పెరుగలేదు. ఈ రెంటికిని గల భేదమును ఆనాడు పలువురు గమనింపరైరి. 1918నాటి ఇన్‌ఫ్లుయెంజా చరిత్రము చదివినవారికి ఇందు వింత లేదు. ఆ యేటి తొలివిడత సామాన్యముగ గడచిపోగా, సెప్టెంబరు అక్టోబరులలో వచ్చిన రెండవ విడతయే దేశమున కోటికి మించిన ప్రాణములను గొనినది. 2021లోను మార్చి 24 నాటికి బడులు మరల మూతపడెను; ఏప్రిల్ తుదివారమున తెలంగాణమున దినమునకు 10,000 మందికి పైగా క్రొత్త రోగులు తేలిరి.

పడకయనగా మంచము కాదని లోకమునకు తెలిసినది అప్పుడే. పరుపు గల పడక యొకటి, ప్రాణవాయువు గల పడక యొకటి. ఏప్రిల్ 23న బేగంపేట విమానాశ్రయమునుండి వైమానికదళమువారి విమానములు వట్టి ఆక్సిజన్ ట్యాంకర్లను ఒడిశాకు మోసికొనిపోయినవి; నిండినవి రైలు మీదను, రోడ్డు మీదను తిరిగివచ్చినవి. మే నెలలో పొరుగురాష్ట్రమునుండి వచ్చు అంబులెన్సులను సరిహద్దున ఆపగా, హైకోర్టు మే 14న ఆ యుత్తరువు నడువకుండ నిలిపినది. రాజధానిలోని పడక ఎవరిది? గుంటూరు, కర్నూలు వారు దశాబ్దముల తరబడి చికిత్సకై హైదరాబాదునకే వచ్చుచుండిరి. రాష్ట్రము విడిపోయినను రోగము విడిపోలేదు గదా! ఆ లెక్కలో న్యాయస్థానమువారి మాటయే సమంజసమని నా యభిప్రాయము.

మే 12న రెండవ నిర్బంధము వచ్చెను. దాని సడలింపు క్రమము గమనింపదగినది. మొదట ఉదయము 6 మొదలు 10 వరకు నాలుగు గంటలు మాత్రమే వీథులు తెరచియుండెను. మే 31 నుండి మధ్యాహ్నము ఒంటిగంట వరకు. జూన్ 10 నుండి సాయంకాలము 5 వరకు. ఇల్లు చేరుకొనుటకు వేరుగ ఒక గంట గడువిచ్చిరి. ఖమ్మము, నల్లగొండ ప్రాంతములందు వ్యాధి తగ్గని కొన్ని నియోజకవర్గములకు పాత వేళలనే యుంచిరి. జూన్ 20న కట్టడి సమస్తము ఎత్తివేయబడెను. అప్పటికి దినమునకు క్రొత్త రోగులు 1,500కు లోబడిరి, పడకలు ఖాళీయగుచుండెను.

భారత వైద్య పరిశోధన మండలి అధిపతి డాక్టరు బలరామ్ భార్గవగారు ఆ జూన్ మొదటనే మూడు కొలతలు చెప్పియుండిరి. పరీక్షింపబడిన నూరుగురిలో రోగులు అయిదుగురికి లోబడవలెను. వృద్ధులు మొదలుగాగల అపాయస్థితిలోనివారిలో నూటికి 70 మందికి టీకా చేరవలెను. జనులు జాగ్రత్తలు మానరాదు. మొదటి కొలత నెరవేరినది. రెండవది దూరముననే యుండెను. టీకా కొరతచే మే నెలలో ప్రభుత్వకేంద్రములందు మొదటి మోతాదును నిలుపవలసివచ్చినది. కోవిషీల్డ్ రెండు మోతాదుల నడుమ ఎడమును 12 మొదలు 16 వారములకు పొడిగించిరి. మన జీనోమ్ వ్యాలీలోనే పుట్టిన కోవాగ్జిన్‌కు ప్రైవేటు వైద్యశాలలలో గరిష్ఠధర మోతాదునకు 1,410 రూపాయలుగ జూన్ 8న నిర్ణయింపబడెను. మన యూరి టీకాయే కాని, మన వాడలోని కూలివానికి మాత్రము అందరానిది.

మా బోరబండనుండి హైటెక్ సిటీకి రైలున ఒక్క స్టేషనే. ఆ యద్దాల మేడలలో కావలి కాయువారు, ఊడ్చువారు, వండువారు, కార్లు తోలువారు మా వాడలవారు పెక్కురు. కంప్యూటరు ఉద్యోగులు ఇంటనుండియే పనిచేయగలిగిరి. వీరికా వెసులుబాటు లేదు. జూన్ 6న హైటెక్స్ ప్రాంగణమున ఒక ప్రైవేటు వైద్యశాలవారును సైబరాబాదు పోలీసులును గూడి ఒక్కదినమున 40,000 మందికి టీకా వేయ సంకల్పించిరి. మంచిపనియే. అయినను నా దృష్టిలో అంతకు మిన్నయైన పని అంతకు కొలదిదినములకు ముందే మొదలైనది. మే నెల తుదినుండి ప్రభుత్వమువారు కూరగాయలమ్మువారిని, రేషను దుకాణదారులను, గ్యాసుబండలు మోయువారిని, జూన్ నెలలో ఆటో తోలువారిని వెదకి ఉచితముగ టీకా వేయించిరి. వయస్సును గాక వృత్తిని జూచిరి. తలుపు తెరచినచో ముందుగ గాలి తగులునది గడపలో నున్నవారికే గదా! మా వీథిలోని ఆటో అతడొకడు టీకా వేయించుకొని వచ్చి, "సారూ, సూది చేతికేసిన్రు గని, బలం కాళ్లకొచ్చింది" అనెను.

ఇక జూన్ 20 నిర్ణయము సరియైనదా? సాహసమే గాని, మూర్ఖత్వము కాదు. ఆ జూన్ జూలైలలో దేశమంతట జరిగిన రక్తపరీక్షల సర్వేక్షణమున ఆరేండ్లు దాటినవారిలో నూటికి 67.6 మందికి వ్యాధినెదుర్కొను శక్తి కానవచ్చినది. అందధికభాగము టీకాచే వచ్చినది కాదు. రోగమునకు లోనై తెచ్చుకొన్నది. అనగా తలుపు తెరచుటకు వలసిన రక్షణను ఏప్రిల్, మే మాసములందలి బాధితులే సంపాదించిరి. దీనిని ప్రభుత్వపు దూరదృష్టియని పొగడుట నాకు రుచింపదు.

బడుల విషయమున నొక తొందరపాటు జరిగినది. జూలై 1నుండియే తెరువనెంచిరి. పిల్లలకు అప్పటికి టీకాయే లేదు. హైకోర్టు ప్రశ్నింపగా వెనుకకు తగ్గిరి. సెప్టెంబరు 1న తెరచినప్పుడును, పిల్లలను బలవంతముగ బడికి రప్పింపరాదని న్యాయస్థానము శాసించినది. మూడుదశాబ్దములు బోధించిన నాకు బడి మూతపడుట కడుపుకోతయే. అయినను ఆ రెండునెలల జాగు వృథా కాలేదని నమ్ముచున్నాను.

2022 జనవరిలో ఒమిక్రాను వచ్చినప్పుడు లెక్క తిరుగబడెను. 2021 డిసెంబరు చివరకు రాష్ట్రమున వయోజనులకు మొదటి మోతాదు పూర్తియైనదని ప్రకటించియుండిరి. 2022 జనవరి 3న పదునైదేండ్లు నిండిన పిల్లలకు, 10న వృద్ధులకు మూడవ మోతాదు మొదలయ్యెను. రోగులు మరల వేలసంఖ్యలో తేలినను ఆస్పత్రులు నిండలేదు. ఇంటింట జ్వరము విచారించి మందులపొట్లములిచ్చిరి. నిర్బంధము మాత్రము విధింపలేదు. బడులను జనవరి 8న మూసి ఫిబ్రవరి 1న తెరచిరి. మార్చి 31తో విపత్తు నిర్వహణ చట్టము క్రింద కేంద్రము విధించిన కట్టడులు ముగిసినవి. ముఖమునకు గుడ్డ కట్టుకొనుమను సలహా మాత్రము మరికొంతకాలము నిలిచినది.