గుర్రానికి సర్కారు డాక్టర్, మరి మన కుక్కకి?

గుడిమల్కాపూర్‌లో ఝాంసింగ్ గుడి చూశారా? నిజాం అశ్వదళ అధికారి కట్టించాడంటారు. దాదాపు ఆ రోజుల్లోనే, 1808లో, ఈస్టిండియా కంపెనీ మూర్‌క్రాఫ్ట్ అనే పశువైద్యుణ్ణి బెంగాల్‌కి రప్పించింది. జాలితో కాదండీ, ఫౌజుకి గుర్రాలు కావాలి!

తర్వాత రిండర్‌పెస్ట్‌తో పశువులు గుంపులుగా చచ్చిపోతుంటే 1889లో పుణెలో ల్యాబ్ పెట్టారు. 2017లో తెలంగాణలో వచ్చిన 1962 వ్యాన్లు కూడా ముఖ్యంగా రైతుల పశువుల కోసమే. అంటే, నష్టం అందరిదీ అయినప్పుడే ఖజానా తెరుచుకుంది.

అందుకే నా మాట: అపార్ట్‌మెంట్ లాబ్రడార్ స్కానింగ్‌కి ఓనరే కట్టుకోవాలి. (మా ఇంట్లోనూ ఒకటుంది, తిట్టకండి.) కానీ రేబిస్ టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మాత్రం ప్రతి కుక్కకీ ఫ్రీగా చేయాలి. పూల మార్కెట్‌లో దండలు కట్టే అమ్మ తన కుక్కకి టీకా వేయించలేకపోతే, కాటు పడేది పక్కింటి పిల్లాడికి.