తాలీం మట్టి నుండి బాక్సింగ్ బరి వరకు: ఇందూరు - బోధన్ ప్రాంత యుద్ధక్రీడల్లో కీళ్ళ నొప్పి చరిత్ర

వ్యాససంగ్రహం:
మల్లయుద్ధ చరిత్రలో గెలుపుకు ఆధారాలున్నాయి. ఆ గెలుపుకోసం అరిగిన తుంటి, మోకాలు, భుజాలకు ఆధారాలు అరుదు. నిజామాబాద్ పట్టణం, బోధన్ చెరకు ప్రాంతం నేపథ్యంగా కుస్తీ, హున్సా పిడిగుద్దులాట, ఆధునిక బాక్సింగ్ అనే మూడు సంప్రదాయాల్లో కీళ్ళ బాధకు లభించిన గుర్తింపును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తాలీం, కుస్తీ, పిడిగుద్దులాట, బాక్సింగ్, తుంటి, కీళ్ళ నొప్పి, బోధన్, నిజామాబాద్.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో మల్లుడిని సూచించే పదాల్లోనే ఈ విద్య చరిత్ర కొంత నిక్షిప్తమై ఉంది. 'జెట్టి' అనే మాటకు సంస్కృత 'జ్యేష్ఠి' మూలమని పండితుల అభిప్రాయం. 'వస్తాదు' పారసీక 'ఉస్తాద్' నుండి, 'తాలీం' విద్య అనే అర్థం గల అరబ్బీ పదం నుండి వచ్చాయి. ఒకప్పటి ఇందూరే నేటి నిజామాబాద్. దీనికి ఆనుకొని ఉన్న నాందేడ్ జిల్లా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. అందువల్ల ఈ సరిహద్దు పల్లెల కుస్తీలో తెలుగు, మరాఠీ, ఉర్దూ సంప్రదాయాలు కలగలిసి కనిపిస్తాయి. ఇంతటి పదసంపద ఉన్న విద్యలో దెబ్బతిన్న కీలు గురించి మాట్లాడే సంప్రదాయం మాత్రం బలహీనం. "కింద పడ్డా పైచేయి నాదే" అనే లోకోక్తి ఓటమిని దాచుకొనే మనస్తత్వాన్ని ఎత్తిచూపుతుంది. నొప్పిని దాచుకోవడం కూడా ఆ మనస్తత్వంలో భాగమే.

2. ప్రాచీన గ్రంథాల్లో శ్రమ, హద్దు:
కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు (పాలన 1126-1138) తన 'మానసోల్లాసం'లో మల్లవినోదానికి ప్రత్యేక స్థానమిచ్చాడు. నేటి బోధన్ ప్రాంతం నాడు ఆ రాజ్యంలోనిదే. మల్లుల వర్గాలనూ ఆహారాన్నీ చెప్పి, బరువులెత్తడం, నడక, నీటిలో శ్రమ, బాహుయుద్ధం, స్తంభంపై సాధన అనే వ్యాయామభేదాలను ఆయన వివరించాడు. శరీరమంతటికీ ఒకే రకమైన శ్రమ కాక, భిన్నభిన్న శ్రమలను పంచి ఇచ్చే పద్ధతి ఇందులో కనిపిస్తుంది.

వైద్యగ్రంథాల్లో హద్దు మరింత స్పష్టం. వ్యాయామం శక్తిలో సగం మేరకే చేయాలని సుశ్రుతసంహిత నియమించింది. కీలు తొలగడాన్ని 'సంధిముక్తం'గా పేర్కొని ఆరు భేదాలు చెప్పింది. మోకాలి మర్మానికి దెబ్బ తగిలితే కుంటితనం వస్తుందని హెచ్చరించింది. 16వ శతాబ్దంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయలు వేకువనే నువ్వులనూనె తాగి, ఒంటికి పట్టించి, బరువులెత్తి, కత్తిసాము చేసి, మల్లునితో కుస్తీ పట్టేవాడని రాశాడు. తైలమర్దనం సాధనకు ముందే ఆరంభమయ్యేదని దీనివల్ల తెలుస్తుంది. అయితే ఇవన్నీ ఆస్థానాల, శాస్త్రాల సాక్ష్యాలు. పల్లె మల్లుడికి ఈ ఆహారం, ఈ విశ్రాంతి ఏ మేరకు దక్కేవో ఇవి చెప్పవు.

3. చెరకు పల్లెల కుస్తీ:
మంజీరపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువల నీటితో చెరకు సాగు విస్తరించగా, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. ఈ పల్లెల్లో జాతరలకూ హోలీకీ జరిగే కుస్తీలు కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడియం కుస్తీతో ముగియడం ఆనవాయితీ. బరిలో దిగేవారిలో అధికులు రైతులు, కూలీలు.

ఇక్కడే చరిత్రకారునికి ఒక చిక్కు ఎదురవుతుంది. దండీలు భుజాలపై, మణికట్లపై భారం మోపుతాయి. బస్కీలు మోకాళ్ళపై, తుంటిపై మోపుతాయి. నడుము వంచి చెరకు కొట్టడం, మోపులు మోయడం కూడా ఆ కీళ్ళనే అరగదీస్తాయి. కనుక యాభై ఏళ్ళు దాటిన పహిల్వాన్ తుంటి నొప్పిలో తాలీం వాటా ఎంత, చేను వాటా ఎంత అని విడదీయడం కష్టం. మెత్తగా తవ్విన మట్టి పడ్డవాణ్ణి కాపాడుతుంది. కాని వందల బస్కీల అరుగుదల నుండి అది కాపాడలేదు. తుంటి కీలు నొప్పి తరచు గజ్జల్లో తెలుస్తుంది కాబట్టి, దాన్ని కండరం పట్టేసిందని భావించి సాధన కొనసాగించే ప్రమాదం ఉంది. ఎదిగే వయస్సులో తీవ్రసాధన చేసేవారిలో తొడ ఎముక మెడ వద్ద అదనపు ఉబ్బు ఏర్పడి, తుంటి గిన్నె అంచును ఒరుసుకొనే అవకాశం ఎక్కువని నేటి క్రీడావైద్యం గుర్తించింది.

4. హున్సా పిడిగుద్దులాట:
బోధన్ సమీపంలోని హున్సా గ్రామంలో హోలీనాడు కుస్తీల అనంతరం సాయంత్రం పిడిగుద్దులాట జరుగుతుంది. అడ్డంగా కట్టిన తాడును పట్టుకొని రెండు వర్గాలు పరస్పరం పిడికిళ్ళతో గుద్దుకుంటాయి. ఆట ముగియగానే ఆలింగనం చేసుకుంటాయి. గాయాలకు కామదహనపు బూడిద పూసుకోవడం ఆచారం. నూరేళ్ళకు పైబడిన సంప్రదాయమని గ్రామస్థులు చెబుతారు. పోలీసులు ఆపాలని చూసిన సందర్భాలూ ఉన్నాయి.

కుస్తీలో శిక్షణ ఉంది, గురువు ఉన్నాడు. పిడిగుద్దులాటలో ఆ రెండూ లేవు. కాని బాధకు సామూహిక గుర్తింపు ఉంది. దెబ్బ ఇక్కడ ఊరి క్షేమానికి సమర్పణ. అందువల్లనే అది ఫిర్యాదుగా మారదు. ఈ మౌనం భక్తినుండి పుట్టింది. తాలీం మౌనం పౌరుషం నుండి పుట్టింది.

5. నిజామాబాద్ బాక్సింగ్ - నమోదైన కీలు:
నిజామాబాద్‌లో సంసముద్దీన్ శిక్షణలో బాక్సింగ్ మొదలుపెట్టిన నిఖత్ జరీన్ 2011లో జూనియర్ ప్రపంచ టైటిల్ సాధించారు. 2017లో ఆమె భుజం కీలు తొలగింది. శస్త్రచికిత్స అవసరమై, దాదాపు ఏడాది బరికి దూరమయ్యారు. భుజం గిన్నె లోతు తక్కువ. చిన్న వయస్సులో ఒకసారి తొలగిన కీలు మళ్ళీ మళ్ళీ తొలగే అవకాశం ఎక్కువ. ఆమె తిరిగి వచ్చి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ విజేతగా నిలిచారు. ఇదే పట్టణానికి చెందిన మహమ్మద్ హుసాముద్దీన్ 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో 57 కిలోల విభాగంలో సెమీఫైనల్ చేరి, మోకాలి గాయంవల్ల బరిలో దిగకుండానే కాంస్యంతో తృప్తిపడ్డారు.

సుశ్రుతుడు చెప్పిన సంధిముక్తం, జానుమర్మం ఈ ఇద్దరి విషయంలో వార్తలకెక్కాయి. బరిలో దిగకూడదన్న నిర్ణయం పిరికితనంగా కాక, వైద్యనిర్ణయంగా నమోదైంది. పాత తాలీం సంస్కృతితో పోల్చితే ఇది ముఖ్యమైన మార్పు.

6. ముగింపు:
కీళ్ళ నొప్పి యుద్ధక్రీడలకు కొత్త కాదు. దాన్ని చెప్పుకొనే హక్కు కొత్తది. ఆ హక్కు పతకాలు గెలిచినవారికి, వైద్యం అందినవారికి దక్కింది. కొబ్బరికాయ కుస్తీ వరకే వెళ్ళిన కూలీకి దక్కలేదు. శక్కర్‌నగర్ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడటంతో దానిచుట్టూ బతికిన కార్మిక కుటుంబాలు చెదిరిపోతున్నాయి. వారితోపాటు తాలీం జ్ఞాపకాలూ చెదురుతాయి. వృద్ధ పహిల్వాన్ల మౌఖిక కథనాలను, ఎన్ని గెలిచారన్న లెక్కతోపాటు ఏ కీలు ఎప్పుడు నొచ్చింది, సాధన ఎందుకు మానారు, ఏ వైద్యం చేయించుకున్నారు అన్న వివరాలతో సేకరించాలి. శక్తిలో సగమే వాడాలన్న శాస్త్రవచనం ఈ నేలపై ఎంతవరకు ఆచరణలో ఉండేదో అప్పుడే నిర్ధారించగలం. నేడు పదేళ్ళ పిల్లలకు కరాటే, బాక్సింగ్ నేర్పే శిక్షకులకు ఆ సమాచారం చరిత్రగానే కాక, హెచ్చరికగానూ ఉపయోగపడుతుంది.