మత్సుమోతో నల్లకోట

జపాను దేశమున హోన్షూ ద్వీపమధ్యమందు, కొండలు చుట్టిన మైదానములో మత్సుమోతో నగరము కలదు. అచ్చట నిలిచి పడమటికి చూచిన యాత్రికునకు ఉత్తర ఆల్ప్స్ పర్వతపంక్తి ప్రాకారమువలె గోచరించును. అందలి జోనెన్ శిఖరము 2,857 మీటర్ల ఎత్తు. మంచు కప్పిన ఆ తెల్లని కొండల కెదురుగా, కందకపు నీటిలో నీడ చూచుకొనుచు, నల్లని కోటమేడ యొకటి నిలిచి యున్నది.

రాతి అరుగుపై కొయ్యతో కట్టిన ఈ మేడను 1590 తరువాతి సంవత్సరములలో ఇషికావా కజుమాసా, అతని కుమారుడు యసునాగా నిర్మింపజేసిరి. వెలుపలినుండి అయిదంతస్తులుగా కనబడును; లోపల ఆరు కలవు. గోడలలో బాణములకును తుపాకులకును రంధ్రము లుంచిరి. దేశమున యుద్ధములు సద్దుమణిగిన పిదప, 1630 ప్రాంతమున, ఆ గోడలచెంతనే వెన్నెల చూచుటకై మంటపమును కట్టిరి.

అయినను ఆ వెన్నెల అందరిదియు కాదు. 1686లో పన్నుల భారము మోయలేక, తాదా కాసుకె అను గ్రామపెద్ద వెంట వేలకొలది రైతులు కోటకు వచ్చి మొరపెట్టుకొనిరి. అధికారులు మొదట వరమిచ్చి, పిదప మాట తప్పి, 28 మందికి మరణశిక్ష విధించిరి.

1871లో సంస్థానములు రద్దయ్యెను. మరుసటి యేడు ప్రభుత్వము ఈ మేడను వేలమున అమ్మివేసెను. ఇక పడగొట్టుటయే తరువాయి. అప్పుడు ఇచికావా ర్యోజో అను పురప్రముఖుడు గడువు వేడి, 1873 మొదలు కోటలోనే వస్తుప్రదర్శనములు నడిపి, ఆ రాబడితో మేడను తిరిగి కొనిపించెను. ఆ కాలముననే, 1876లో, ఆ పురజనులు చాలవరకు తమ చందాలతోనే కైచీ పాఠశాలకు నూతన భవనమును నిర్మించుకొనిరి. పాతదానిని నిలుపుట, క్రొత్తదానిని కట్టుట వారికి విరోధములుగా తోచలేదు.

కాలక్రమమున మేడ ఒకవైపునకు ఒరిగెను. కాసుకె మరణసమయమున కోటవంక చూచిన చూపుచేతనే ఒరిగినదని జనులు చెప్పుకొనిరి. మాధ్యమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడగు కోబయాషి ఉనారి మొదలగువారు 1901లో సంరక్షణసంఘము నేర్పరచి, 1903 నుండి 1913 వరకు మరమ్మతు చేయించిరి. 1950లో ప్రభుత్వము మేడను విప్పి బాగుచేయ నారంభింపగా, అరుగులోని కొయ్యస్తంభములు కుళ్లిపోవుటయే కారణమని తేలినది. ఆ పని 1955లో ముగిసెను. శాస్త్రము కారణమును చెప్పినది. కథ మాత్రము రైతుల దుఃఖమును మరువనీయలేదు.

కోటమేడ 1952లోను, పాఠశాల 2019లోను జాతీయనిధులుగా ప్రకటింపబడినవి. ప్రభువులు కట్టించిన కోటను నిలిపినవారు ఒక పురప్రముఖుడు, ఒక ఉపాధ్యాయుడు, వారితో కలిసివచ్చిన ఊరివారు. నిట్టనిలువు మెట్లెక్కి ఆరవ అంతస్తు చేరిన యాత్రికునకు నేడు కొండలన్నియు కనబడును. నాడు కోటవారికే దక్కిన ఆ దృశ్యము నేడు అందరి సొత్తు.