విజయా వారి కథల్లో రేలంగి వాటా

విజయా ప్రొడక్షన్స్ వారి తొలి చిత్రం ‘షావుకారు’ 1950లో విడుదలైంది. అప్పుడే 75 ఏళ్లు నిండాయి. ఈ సందర్భంలో నాగిరెడ్డి, చక్రపాణి గార్ల జంట గురించీ, మార్కస్ బార్ట్‌లే తీసిన వెన్నెల గురించీ, గోఖలే, కళాధర్ వేసిన కోటల గురించీ, పింగళి నాగేంద్రరావు గారి మాటల గురించీ రాయడానికి పెద్దలు చాలామందే ఉన్నారు. నేను కోరి తీసుకున్నది రేలంగి వెంకట్రామయ్య గారిని. ఒక సంస్థ చరిత్రలో హాస్యనటుడికి అంత చోటెందుకు అనుకునేవాళ్లు ‘మిస్సమ్మ’ కథను ఆయన వేసిన దేవయ్య లేకుండా ఓసారి చెప్పి చూడండి. కథ నడిచే ఊరు అప్పాపురం చేరేలోపే చిక్కుపడిపోతుంది.

రేలంగి మూడొందలకు పైగా సినిమాల్లో వేశారు. అందులో చాలావాటిల్లో కథ ఒక పక్కనా, ఆయన సీన్లు ఒక పక్కనా నడుస్తాయి. హీరోయిన్ కన్నీళ్లు ఎక్కువైనప్పుడు జనం ఊపిరి తీసుకోవడానికి రేలంగి ఒకసారి వస్తారు, గిరిజతో ఓ పాట పాడతారు, వెళ్లిపోతారు. హాల్లో వాటికి ఈలలు పడ్డాయి, కాదనను. కానీ ఇవాళ కూర్చుని మళ్లీ చూడాలనిపించేవి ఏవని తలుచుకుంటే, ఆయన పక్కకు తప్పుకుంటే కథే ఆగిపోయే సినిమాలు కళ్ల ముందుకొస్తున్నాయి. వాటిల్లో ఎక్కువ విజయా వారివే. ఇది కాకతాళీయం కాదనే నేను చెప్పొచ్చేది.

దానికి కారణం ఆ సంస్థ పని చేసే తీరులో ఉంది. వడపళనిలోని వాహినీ స్టూడియో నాగిరెడ్డి గారి నిర్వహణలోకి వచ్చాక అక్కడ సినిమా తీయడం ఒక కర్మాగారం క్రమశిక్షణతో సాగింది. కళాకారులకు నెలజీతాలిచ్చి, తీరిగ్గా రిహార్సల్స్ చేయించిన కంపెనీ అది. దర్శకుడు కె.వి.రెడ్డి గారైతే స్క్రిప్టు చివరి అక్షరం దాకా సిద్ధం కానిదే కెమెరా ముందుకు వెళ్లేవారు కాదు. సీను ఎన్ని నిమిషాలు నడవాలో స్టాప్‌వాచ్ పెట్టి ముందే తేల్చేవారు. అలాంటి చోట హాస్యనటుడు సెట్టు మీద తోచింది తోచినట్టు కల్పించుకుపోవడానికి వీల్లేదు. ‘ఇక్కడ కామెడీ పెట్టుకుందాం’ అని ఖాళీ వదిలేసే పద్ధతీ లేదు. ఆయన నవ్వించాల్సిన చోటు కథ రాసేటప్పుడే ఖాయమయ్యేది. స్వేచ్ఛ తగ్గితే హాస్యం చస్తుందంటారు కొందరు. రేలంగి విషయంలో నాకు తిరగబడి కనిపిస్తుంది. కట్టడి ఉన్న చోటే ఆయన బాగా రాణించారు.

అందుకు తగ్గ తర్ఫీదు ఆయనకు ముందే ఉంది. 1910లో రావులపాలెం దగ్గర రావులపాడులో పుట్టారు. తండ్రి సంగీతం, హరికథ నేర్పేవారు. కాకినాడలో చదువుకుంటూనే యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో దిగారు. ఎస్.వి.రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు వంటి వాళ్లు తిరిగిన గూడు అది. ఆడవేషాలూ కట్టారు. సి.పుల్లయ్య గారు 1935లో కలకత్తాలో తీసిన ‘శ్రీకృష్ణ తులాభారం’తో తెరకెక్కారు. ఆ తర్వాత పన్నెండేళ్లు పుల్లయ్య గారి దగ్గరే చిన్న వేషాలూ, కంపెనీ పనులూ. 1947లో ‘గొల్లభామ’ వచ్చాక గానీ జనం నోట ఆయన పేరు పడలేదు. అప్పటికి వయసు ముప్పై ఏడు. 1949లో వాహినీ వారి ‘గుణసుందరి కథ’లో కాలమతి వేషం వేయించింది కె.వి.రెడ్డి, మాటలు రాసింది పింగళి. విజయా వారి రేలంగికి బీజం అక్కడ పడింది.

‘పాతాళభైరవి’ 1951లో వచ్చింది. తోటరాముడినీ, నేపాళ మాంత్రికుడినీ తలవని తెలుగువాళ్లు ఉండరు గానీ, రేలంగి వేసిన రాణిగారి తమ్ముడు శూరసేనుడిని తలిచేవాళ్లు తక్కువ. సంస్కృత నాటకం ‘మృచ్ఛకటికం’లో రాజుగారి బావమరిది శకారుడు ఉన్నాడు చూడండి, ఆ వంశంవాడు ఈ శూరసేనుడు. అయితే శకారుడి క్రూరత్వం ఇందులో లేదు. బావ బతుకు బామ్మర్ది కోరతాడని సామెత. ఈ బామ్మర్ది బావగారి కూతుర్ని కోరాడు. మన ఇళ్లలో మేనమామకు మేనకోడలిని ఇవ్వడం మామూలే కాబట్టి తన కోరికలో తప్పేముందని అతడి అమాయకపు ధీమా. ఆ ధీమాతో పాడే ప్రేమపాటను రేలంగి తన గొంతుతోనే పాడారు. శ్రుతి తప్పకుండా పాడుతూనే వీడికి ప్రేమించడం రాదని వినేవాళ్లకు తెలిసేలా చేయడం హరికథల ఇంట పుట్టినవాడికే చెల్లింది. అపస్వరం పాడి నవ్వించడం ఎవరికైనా చేతనవుతుంది.

ఇక ‘మిస్సమ్మ’. 1955 సంక్రాంతికి వచ్చిన ఈ సినిమా దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నన్నడిగితే రేలంగి వేసిన వాటిల్లో మొదటి పీట దీనికే. పెళ్లి కాని ఇద్దరు ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడి జమీందారు గారి బడిలో పంతుళ్లుగా చేరతారు. ఎన్.టి.రామారావు, సావిత్రి పడే ఇబ్బందంతా ఆ అబద్ధం అలవాటు లేకపోవడం వల్ల వచ్చిందే. వాళ్ల వెంట నౌకరుగా వచ్చిన దేవయ్యకు అబద్ధం వృత్తి. అంతకుముందు వీధిలో బిచ్చమెత్తుకున్నవాడు. దయగలవాళ్లని ఆపడానికి ఏ రాగం ఎత్తుకోవాలో, ఎవరి జేబులో ఎంత ఉంటుందో వాడికి కొట్టినపిండి. ఇక్కడా పాటలు రేలంగి సొంత గొంతువే. ఇంటి గుట్టు తెలిసిన ఒకే ఒక్క మనిషి కనుక ఆ గుట్టును కాపాడే భారం వాడి మీదే పడింది. ఆ పనికి ‘తైలం’ అడగడం మాత్రం మానడు. డబ్బును తైలమనడం ఇవాళ్టికీ కొన్ని ఇళ్లలో వినిపిస్తూనే ఉంది.

ఆ సినిమాలో నవ్వించనివాళ్లు ఎవరున్నారు చెప్పండి. డిటెక్టివ్ రాజుగా అక్కినేని నవ్విస్తారు. అప్పులవాడు డేవిడ్‌గా రమణారెడ్డి నవ్విస్తారు. జమీందారు దంపతులుగా రంగారావు గారు, ఋష్యేంద్రమణి గారు తమ మంచితనంతోనే నవ్విస్తారు. అందరూ నవ్విస్తున్న చోట హాస్యనటుడికి మిగిలేదేమిటి? రేలంగి దానికి తెలివైన దారి వెతుక్కున్నారు. ఆ ఇంట్లో నిదానం తెలిసిన మనిషి దేవయ్య ఒక్కడే అన్నట్టు నటించారు. చేతులు కట్టుకుని నిలబడతాడు, ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వింటాడు, ఒక్క మాటంటాడు. కళ్లు మాత్రం అయ్యగారి చేతి మీదే ఉంటాయి. డేవిడ్ కనబడితే తప్ప వాడిలో హుషారు పొంగదు. రమణారెడ్డి సన్నగా, గాలికి ఊగే తాటాకులా ఒకచోట నిలవరు. ఆయన ఊపుకు రేలంగి నిలకడ ఆనిక. ఈ ఇద్దరి జోడీ తర్వాత ఎన్ని సినిమాల్లో వచ్చిందో. లెక్క కోసం కలిపినట్టుండేవే అందులో ఎక్కువ.

‘మాయాబజార్’ను రెండో పీట మీద కూర్చోబెట్టానని కోపగించుకునేవాళ్లుంటారు. ఉండనివ్వండి. అందులో రేలంగి వేసిన లక్ష్మణకుమారుడి గొప్పతనం నాకూ తెలుసు. దుర్యోధనుడి కొడుకైన ఇతడికి బలరాముడి కూతురు శశిరేఖను కట్టబెట్టాలని శకుని పన్నిన పన్నాగం వెనుక ఉన్నది ప్రేమా పెళ్లీ కాదు, బలరాముడి అండ. రాబోయే యుద్ధంలో యాదవ సేన ఎటు నిలబడుతుందన్నది ఈ పెళ్లి మీద ఆధారపడింది. అంటే హస్తినాపుర రాజకీయమంతా ఈ పెళ్లికొడుకు భుజాల మీద ఉంది. అతడికి మాత్రం తన అందం తప్ప వేరే ధ్యాస లేదు. వేళాకోళం ఇంత పెద్ద ఎత్తు మీద కట్టిన కథలు మనకు ఎన్ని ఉన్నాయి?

1957లో ఆ వేషం వేసేనాటికి రేలంగికి నలభై ఆరు దాటాయి. అభిమన్యుడు వేసిన అక్కినేని కంటే పదమూడేళ్లకు పైగా పెద్ద. అయినా తెర మీద పెద్దవాడిగా కనబడరు, గారాబం చేసిన పిల్లవాడిలా కనబడతారు. పెళ్లిపీటల మీద మాయాశశిరేఖ, అంటే శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు, కాలు తొక్కినప్పుడు చూడండి. సావిత్రి మొహంలో సిగ్గు చెదరదు, అడుగులో ఘటోత్కచుడి బరువు. రేలంగికి నొప్పి పాదం నుంచి మోకాలికి, నడుముకి, మెడకి పాకి చివర్లో నోటికి చేరుతుంది. తనకొక్కడికే కనబడే భయంకర రూపాలు చూసి బెదిరిపోతుంటే, కొలువుకొలువంతా వీడికేమైందన్నట్టు చూస్తుంది. మాయాశశిరేఖ ముందు అతడు పాడే ప్రణయగీతానికి గొంతు ఘంటసాలది. అదే సినిమాలో వెన్నెల నౌకావిహారంలో అభిమన్యుడికి పాడిన గొంతూ అదే. ఒకే గొంతు ఒకచోట మురిపిస్తుంది, ఇంకోచోట నవ్విస్తుంది. ఆ తేడాలో సగం ఘనత గాయకుడిదైతే మిగతా సగం పెదవులు కదిపినవాడిది. తమిళ ‘మాయాబజార్’లో ఇదే వేషం తంగవేలు వేశారు. ఆయనా మేటి హాస్యనటుడే, వీలైతే రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు, పెళ్లిపందిరి సీనుకు కొత్త రంగుల వల్ల కొత్తగా ఒరిగిందేమీ లేదనిపించింది. నలుపు తెలుపుల్లోనే ఆ సీను నిండుగా ఉంది.

లక్ష్మణకుమారుడి పక్కన 1963 నాటి ‘నర్తనశాల’లోని ఉత్తరకుమారుడిని నిలబెట్టాలి. అది విజయా వారి చిత్రం కాదు, రాజ్యం పిక్చర్స్ వారిది, కమలాకర కామేశ్వరరావు గారి దర్శకత్వం. అయినా ఈ ఇద్దరు రాకుమారుల్నీ విడదీసి చూడలేం. తిక్కన విరాటపర్వం పుణ్యమా అని ఉత్తరకుమార ప్రగల్భాలు మనకు జాతీయమయ్యాయి. అంతఃపురంలో మాటలు కోటలు దాటించి, కౌరవసేన కనబడగానే రథం దిగి పరుగెత్తినవాడు. లక్ష్మణకుమారుడికి తానొక వెర్రిబాగులవాడినని చివరిదాకా తెలియదు. ఉత్తరుడికి ఆ సైన్యాన్ని చూసిన క్షణాన తన సంగతి తనకు తెలిసిపోతుంది. ఆ తెలిసిపోవడాన్ని రేలంగి కళ్లతో చెప్పారు. నవ్వుతూనే వాడి మీద జాలి పడతాం.

‘అప్పు చేసి పప్పుకూడు’ 1959లో వచ్చింది. అప్పుల మీదే దర్జాగా బతికే సి.ఎస్.ఆర్. గారి రావుబహద్దూరు ఆ సినిమాకు ఆయువుపట్టు. రేలంగి భజగోవిందం. కాశీయాత్ర చేసొచ్చానని చెప్పుకునే దొంగసాధువు వేషంలో ఆయన, ఆ గంగాజలం ఏ కాలువలో పట్టిందో బయటపెట్టే గిరిజ. ఈ ఇద్దరికీ ఘంటసాల, స్వర్ణలత పాడిన పాటను పల్లెటూరి భజనమేళాల్లోనూ వినవచ్చు. 1961 నాటి ‘జగదేకవీరుని కథ’లో రెండుచింతలుగా ఆయన రామారావు గారి వెంట తిరుగుతారు, సందడి చేస్తారు. అంతకు మించి చెప్పడానికి నాకేమీ లేదు. ఆ కథకు దేవకన్యలు కావాలి గానీ రెండుచింతలు లేకున్నా నడిచేది.

మరుసటేడు వచ్చిన ‘గుండమ్మ కథ’లో రేలంగి లేరు. ఘంటయ్యగా రమణారెడ్డి ఉన్నారు, గుండమ్మగా సూర్యకాంతం ఉన్నారు, కథ హాయిగా సాగిపోయింది. ఇది చెప్పకుండా దాటేస్తే నా వాదన ఏకపక్షం అవుతుంది. విజయా వారి హాస్యం ఒక్క మనిషి మీద నిలబడింది కాదు. చక్రపాణి గారి ఆలోచనలోనే ఆ చమత్కారం ఉంది. దాన్ని రేలంగి అంత నిండుగా అందుకున్నవాళ్లు మరొకరు లేరన్నంతవరకే నేను చెప్పగలను.

ఆ తర్వాత పద్మనాభం, రాజబాబు తరం ముందుకొచ్చింది. రేలంగి తాడేపల్లిగూడెంలో ‘రేలంగి చిత్రమందిర్’ అని సినిమాహాలు కట్టించుకున్నారు. 1970లో పద్మశ్రీ వచ్చింది. తెలుగు హాస్యనటుల్లో ఆ గౌరవం ముందుగా అందింది ఆయనకే. రమణారెడ్డి 1974 నవంబరులో పోతే, ఏడాది తిరిగి మళ్లీ నవంబరు వచ్చేసరికి తాడేపల్లిగూడెంలోనే రేలంగీ కన్నుమూశారు.

విజయా వారి మీద నాకు ఒక్క ఫిర్యాదుంది. రేలంగిని కథానాయకుడిగా పెట్టి వాళ్లు సినిమా తీయలేదు. ఆ సాహసం 1953లోనే పాత గురువు పుల్లయ్య గారు చేశారు. బెంగాలీ ‘పాశేర్ బాడీ’ కథతో ‘పక్కింటి అమ్మాయి’ తీసి, అంజలీదేవి సరసన రేలంగిని నిలబెట్టారు. అదే కథ తర్వాత హిందీలో ‘పడోసన్’ అయింది. పొరుగింటి పిల్లను మెప్పించడానికి ఒకడు పాడుతున్నట్టు పెదవులు కదుపుతుంటే, వెనకాల స్నేహితుడు పాడతాడు. నిజంగా పాడగలిగిన నటుడికి పాటే రాని ప్రేమికుడి వేషం! అలాంటి చమత్కారపు కథకు చక్రపాణి మాటలు, బార్ట్‌లే కెమెరా, దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ గారి నిగ్రహం తోడై ఉంటే ఎలా ఉండేదో. ‘మిస్సమ్మ’ చూసిన ప్రతిసారీ దేవయ్య బిచ్చమెత్తుకునే పాట దగ్గర నాకు ఆ తీయని సినిమా గుర్తొస్తుంటుంది.